రాబర్ట్ క్లైవ్ కడుపునొప్పి, ఎవరూ లెక్కపెట్టని నల్లమందు

రాయ్‌పూర్‌లోని భన్‌పురిలో మా పెదనాన్న ఉండే గదిలో గోడ మేకుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతుంటుంది. డాక్టరు చీటీలు, ఎక్స్‌రేలు, సగం ఖాళీ అయిన మాత్రల షీట్లు అన్నీ అందులోనే. విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చి ముప్పై ఏళ్లు అక్కడి ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో బరువులు ఎత్తి దించిన మనిషి ఆయన. నడుము ఎప్పుడో మొరాయించింది. ఈమధ్య వెళ్లినప్పుడు సంచి దించి చూస్తే ఎక్కువగా కనిపించినవి ట్రమడాల్ షీట్లు. చీటీలో ఐదు రోజులకే రాసి ఉంది. దాని మీద తేదీ మాత్రం రెండేళ్ల కిందటిది. రోజుకు ఎన్ని వేసుకుంటున్నారని అడిగితే, నొప్పిని బట్టి అన్నారు.

ఆ మాట రెండు మూడు రోజులు నా చెవుల్లోనే ఉండిపోయింది. కారణం, అప్పుడు నేను చదువుతున్నది రాబర్ట్ క్లైవ్ జీవితం. ప్లాసీ యుద్ధం, బెంగాల్ దివానీ అంటూ స్కూల్లో మనం బట్టీపట్టిన క్లైవే. పాఠంలో రాని సంగతి ఒకటుంది. యువకుడిగా ఉన్నప్పుడు మొదలైన కడుపునొప్పి అతన్ని చచ్చేదాకా వదల్లేదు. దానికి వైద్యుల దగ్గర ఉన్న మందు నల్లమందు. ఏళ్ల తరబడి వాడాడు. ఎంత వాడాలన్నది నొప్పిని బట్టే.

క్లైవ్ మీద జాలి పుట్టించడం నా ఉద్దేశం కాదు. బెంగాల్‌ను దోచినవాళ్లలో అతని పేరు ముందుంటుంది, ఉండాలి కూడా. కానీ శరీరం చరిత్ర చూసి నొప్పి పుట్టించదు. అప్పటి ప్రపంచంలో డబ్బుకూ వైద్యులకూ లోటు లేని ఒక మనిషికి నొప్పి మందు ఎలా ఉచ్చైందో చూస్తే, ఏ లోటూ తీరని మనిషి గదిలో ఆ సంచి ఎందుకు అలా వేలాడుతుందో కొంత అర్థమవుతుంది.

మద్రాసులో దిగిన గుమాస్తా

క్లైవ్ 1725 సెప్టెంబరు 29న ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో, మార్కెట్ డ్రేటన్ దగ్గరి స్టైచ్ అనే చోట పుట్టాడు. పదమూడు మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రి లాయరు. పాతకాలపు ఎస్టేటు ఉన్నా ఆదాయం అంతంతే. కుర్రాడికి చదువు మీద కంటే కొట్లాటల మీద ధ్యాస ఎక్కువ. దాంతో తండ్రి ఈస్టిండియా కంపెనీలో గుమాస్తా ఉద్యోగం చూసి ఓడ ఎక్కించాడు. ఆ ఓడ బ్రెజిల్ తీరంలో నెలల తరబడి చిక్కుకుపోయి, 1744లో గానీ మద్రాసు చేరలేదు. జీతం ఏడాదికి ఐదు పౌండ్లు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు.

మద్రాసు తొలి రోజుల్లో అతను ఇంటికి రాసిన ఉత్తరాల నిండా ఒంటరితనమే. ఆ రోజుల్లోనే ప్రాణం తీసుకోబోయాడన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని చరిత్రకారులందరూ నమ్మరు. కథ నిజమైనా కాకపోయినా, ఉన్నట్టుండి విపరీతమైన ఉత్సాహం, ఆ తర్వాత నెలల కొద్దీ లేవలేని దిగులు అనే తీరు మాత్రం జీవితాంతం కనిపిస్తుంది. ఆ దిగులు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాత నల్లమందు వచ్చి చేరింది దాని పక్కనే.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకుంటే మారువేషంలో తప్పించుకుని కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు చేరాడు. గుమాస్తా కలం వదిలి కత్తి పట్టింది అక్కడే. 1751లో రెండు వందల మంది ఐరోపా సైనికులు, మూడు వందల మంది సిపాయిలతో ఆర్కాటు కోటలోకి నడిచి, యాభై రోజుల ముట్టడిని తట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లకే పేరు మోగిపోయింది. మరుసటి ఏడాది కోవళం, చెంగల్పట్టు కోటలు పట్టేటప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. 1753 ఫిబ్రవరిలో మద్రాసులో మార్గరెట్ మాస్కెలిన్‌ను పెళ్లి చేసుకున్నాడు. తర్వాతి కాలంలో ఇంగ్లండ్ ఆస్థాన ఖగోళ శాస్త్రవేత్త అయిన నెవిల్ మాస్కెలిన్‌కు ఆమె చెల్లెలు. పెళ్లయిన కొద్ది రోజులకే, ఆరోగ్యం కుదుటపడితే చాలనుకుంటూ భార్యతో ఓడెక్కాడు.

కడుపులో ఏముంది?

నొప్పి తెరలు తెరలుగా వచ్చేది. వస్తే మనిషి ముడుచుకుపోయేవాడు. పిత్తాశయంలో రాళ్లని చాలామంది భావించారు, ఇప్పటికీ ఎక్కువమంది చెప్పేది అదే. ఈరోజు ఒక చిన్న పట్టణంలో అల్ట్రాసౌండ్ తీస్తే అరగంటలో తేలిపోయే విషయం. అప్పుడు తేలే దారే లేదు. తేలినా చేసేదేమీ లేదు. మనిషి పిత్తాశయాన్ని కోసి తీసే ఆపరేషన్ మొదటిసారి జరిగింది 1882లో, బెర్లిన్‌లో, కార్ల్ లాంగెన్‌బుఖ్ చేతుల మీదుగా. క్లైవ్‌కు శతాబ్దం ఆలస్యం.

పద్దెనిమిదో శతాబ్దపు వైద్యుడి దగ్గర ఉన్నవి కొన్నే: నెత్తురు తీయడం, విరేచనాలు చేయించడం, బాత్ పట్టణంలోని వేడినీటి ఊటల్లో స్నానం చేసి ఆ నీళ్లు తాగమనడం. ఇవేవీ నొప్పిని తగ్గించవు. నిజంగా తగ్గించేది ఒకటే, నల్లమందు. ముద్దగా మింగేవారు, లేదా సారాయిలో కలిపిన లాడనం రూపంలో చుక్కలు లెక్కపెట్టి తాగేవారు. థామస్ సిడెన్‌హామ్ అనే ఆంగ్ల వైద్యుడు అంతకు ముందు శతాబ్దంలోనే నల్లమందును ద్రాక్షసారాలో వేసి, కుంకుమపువ్వు, దాల్చినచెక్క, లవంగం చేర్చి ఒక యోగం తయారుచేశాడు. అది ఇంటింటి మందైంది. ఇంగ్లండ్‌లో దాని అమ్మకానికి చట్టపరమైన కట్టడి వచ్చింది 1868లో.

అందులో చిక్కు ఏమిటంటే, ఒక సీసాలో ఎంత మందు ఉందో ఇచ్చేవాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు. గసగసాల కాయ నుంచి కారే పాలలో అసలు మందు పాలు నేలను బట్టి, పంటను బట్టి మారుతుంది. దుకాణదారు కల్తీని బట్టి కూడా. నిన్న ఇరవై చుక్కలకు తగ్గిన నొప్పి ఇవాళ కొత్త సీసాలోని ఇరవై చుక్కలకు తగ్గకపోవచ్చు, లేదా ఆ ఇరవై చుక్కలే ప్రాణం మీదికి తేవచ్చు. ఫ్రెడరిక్ సెర్ట్యూర్నర్ అనే జర్మన్ మందుల తయారీదారు కుర్రాడు నల్లమందులోంచి మార్ఫిన్‌ను విడదీసి, తూకం వేసి ఇవ్వదగిన మందుగా చేసే దారి వేసింది 1805 ప్రాంతంలో. విచిత్రం ఏమిటంటే చివరి రోజుల్లో అతనూ తన నొప్పులకు ఆ మార్ఫిన్‌నే ఆశ్రయించాడు.

అప్పటివాళ్లకు ప్రమాదం తెలియదనుకుంటే పొరపాటు. జాన్ జోన్స్ అనే వైద్యుడు 1700లోనే నల్లమందు మీద పుస్తకం రాసి, చాలాకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే పడే యాతనను వర్ణించాడు. ఎడిన్‌బరో వైద్యుడు జార్జ్ యంగ్ రాసిన నల్లమందు గ్రంథం 1753లో అచ్చయింది. క్లైవ్ కొత్త పెళ్లికూతురితో ఇంగ్లండ్‌లో దిగిన ఏడాదే అది. ఈ మందును ఎవరికి పడితే వారికి ఎలా పడితే అలా వాడే తీరు మీద హెచ్చరికే ఆ పుస్తకం. తెలివి పుస్తకాల్లో ఉంది. రోగి మంచం దగ్గరికి రాలేదు, అంతే. మన కాలంలోనూ ఇందులో పెద్ద తేడా లేదేమో అనిపిస్తుంది.

ఇక్కడ శరీరం చేసే పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. నల్లమందు అయినా, మార్ఫిన్ అయినా, ఫ్యాక్టరీలో తయారయ్యే ట్రమడాల్ అయినా మెదడులో, వెన్నుపాములో, పేగుల్లో కొన్ని నిర్ణీత స్థానాలకు అతుక్కుని పనిచేస్తాయి. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. కొన్ని వారాలకు శరీరం వాటికి అలవాటు పడి, అదే ఉపశమనానికి ఎక్కువ మోతాదు అడుగుతుంది. పేగుల కదలిక మందగిస్తుంది, మలబద్ధకం ముదురుతుంది, అది మళ్లీ కడుపునొప్పి తెస్తుంది. పిత్తనాళం చివర ఉండే కండరాన్ని ఈ మందులు బిగుసుకుపోయేలా చేయగలవు కాబట్టి, రాళ్లున్న మనిషికి కొన్నిసార్లు నొప్పి మందే నొప్పి తెప్పిస్తుంది. దీర్ఘకాలం పెద్ద మోతాదులో వాడేవారిలో కొందరికి అసలు నొప్పిని భరించే శక్తే తగ్గిపోతుంది. క్లైవ్‌కు వీటిలో ఏది ఎంత జరిగిందో తేల్చే ఆధారం లేదు. అతను మాత్రం వీటన్నిటికీ అనువైన స్థితిలో ఉన్నాడు.

గెలుపు వెంట మంచం

క్లైవ్ జీవితాన్ని పక్కపక్కన రెండు వరుసల్లో రాసుకుంటే ఒక క్రమం కనిపిస్తుంది. ప్రతి పెద్ద గెలుపు తర్వాతా అతను మంచం పట్టాడు.

1755లో తిరిగి ఇండియాకు బయల్దేరాడు. 1757 జనవరిలో కలకత్తాను వెనక్కి తీసుకున్నాడు. జూన్ 23న ప్లాసీ. మీర్ జాఫర్‌ను నవాబు గద్దె మీద కూర్చోబెట్టినందుకు తన వాటాగా ముట్టినది, తర్వాత పార్లమెంటు వేసిన లెక్క ప్రకారం, 2,34,000 పౌండ్లు. ఆపైన ఏడాదికి 27,000 పౌండ్ల జాగీరు.

మన నేల కథలోకి అతను వచ్చింది ఆ మరుసటి ఏడాదే. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఉత్తర సర్కారుల మీదికి రమ్మని విజయనగరం రాజు ఆనంద గజపతి పిలుపు పంపాడు. మద్రాసు పెద్దలు కదల్లేదు. బెంగాల్‌లో ఉన్న క్లైవ్ ఆ అవకాశాన్ని పట్టుకుని కల్నల్ ఫోర్డ్‌ను సైన్యంతో సముద్రం మీదుగా విశాఖపట్నం పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచి సైన్యం ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. తెలుగు తీరం మీద ఫ్రెంచి ప్రాబల్యం అంతటితో సరి. భన్‌పురిలో మా పెదనాన్న చిన్నప్పుడు ఊళ్లో విన్న కథల్లో చందుర్తి ఉంది, ఫోర్డ్ దొర ఉన్నాడు. వెనక ఉండి నడిపించిన మనిషి పొట్ట పట్టుకుని మెలికలు తిరిగేవాడన్న సంగతి ఆ కథల్లో ఎక్కడా లేదు.

1760లో ఇంగ్లండ్ చేరిన క్లైవ్ దాదాపు ఏడాది పాటు జబ్బుతోనే గడిపాడు. కీళ్లవాతం అన్నారు, ఇంకేదో అన్నారు. తేరుకుని పార్లమెంటు సభ్యుడయ్యాడు, ప్రభువు బిరుదు వచ్చింది. 1765 మే నెలలో మళ్లీ కలకత్తాలో దిగాడు, ఈసారి గవర్నరుగా. మార్గరెట్ ఇంగ్లండ్‌లోనే ఉండిపోయింది. ఆగస్టు 12న అలహాబాదులో షా ఆలం చక్రవర్తి చేత బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ రాయించుకున్నాడు. ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా ఆనాటిదే. శ్రీకాకుళం నుంచి కృష్ణా తీరం దాకా మనవాళ్ల శిస్తు ఎవరి ఖజానాకు పోవాలో ఒక గుడారంలో తేలిపోయింది.

ఆ తర్వాతి పద్దెనిమిది నెలలూ అతను పనిలో నలిగిపోయాడు. కంపెనీ ఉద్యోగులు బహుమతులు తీసుకోకూడదన్నాడు. అలా అన్నవాడు క్లైవ్ కావడం చూసి నవ్వుకున్నవాళ్లు ఉండే ఉంటారు. అదనపు భత్యం కోసేసరికి ఇంగ్లిషు అధికారులు మూకుమ్మడిగా తిరగబడితే 1766లో దాన్ని అణిచాడు. అణిచిన కొన్ని నెలలకే కూలిపోయాడు. కడుపునొప్పి తెరలు, నిద్రలేమి, ఏ పనీ చేయలేని నిస్సత్తువ, దిగులు అన్నీ ఒక్కసారి కమ్ముకున్నాయి. 1767 జనవరిలో ఇండియాను చివరిసారి వదిలాడు.

ఇలాంటి రోగి ఈనాడు నొప్పి వైద్యుడి ముందు కూర్చుంటే, నొప్పి ఎక్కడ అన్నది ఒక్కటే అడగరు. నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, ఇదివరకు ప్రాణం తీసుకోవాలనిపించిందా, మద్యం ఎంత, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడుగుతారు. దిగులున్న మనిషికి ఓపియాయిడ్ నొప్పితోపాటు కాసేపు మనసు బరువును కూడా దించుతుంది. అందుకే చేయి మళ్లీ మళ్లీ దాని వైపే పోతుంది. నొప్పి తగ్గిన రోజు కూడా పోతుంది. క్లైవ్ వైద్యులు అతని దిగులునూ కడుపునూ వేర్వేరు జబ్బులుగా చూశారో ఒకటిగా చూశారో గానీ, రెంటికీ దొరికింది ఒకే సీసా.

సీసాలోది ఎక్కడి పంట?

ఒక చిన్న పక్కదారి. క్లైవ్ తెచ్చిపెట్టిన బీహార్‌లోనే పాట్నా చుట్టుపక్కల నల్లమందు పండేది. 1773లో వారెన్ హేస్టింగ్స్ ఆ వ్యాపారాన్ని కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. తర్వాతి శతాబ్దంలో చైనాను ముంచింది ఆ సరుకే. మన దగ్గరా అది లేకపోలేదు. గోదావరి జిల్లాలోనూ విశాఖ ఏజెన్సీలోనూ మన్యపు జ్వరాలకు, ఒళ్లు నొప్పులకు, అలసటకు నల్లమందు తినే అలవాటు ఉండేది. 1893లో వేసిన రాయల్ కమిషన్ దేశమంతా తిరిగి ఈ వాడకం గురించి సాక్ష్యాలు సేకరించింది.

ఇరవయ్యో శతాబ్దంలో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌లో ఫార్మకాలజీ ఆచార్యుడైన రామ్‌నాథ్ చోప్రా నల్లమందు అలవాటున్నవాళ్లను ఓపిగ్గా పరిశీలించాడు. సుఖం కోసం కాదు, ఏదో జబ్బుకో నొప్పికో మొదలుపెట్టి మానలేకపోయినవాళ్లు వారిలో చాలామంది ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ప్రభుత్వం పదేళ్ల గడువు పెట్టుకుని, వైద్యేతర వాడకాన్ని దశలవారీగా తగ్గిస్తూ వచ్చింది. రాత్రికి రాత్రి దుకాణాలు మూసేయకుండా గడువు పెట్టుకోవడంలో ఉన్న వివేకం గురించి ఎందుకో మనం పెద్దగా మాట్లాడుకోం.

బర్కిలీ స్క్వేర్

ఇంగ్లండ్ చేరాక క్లైవ్ బాత్ ఊటల చుట్టూ తిరిగాడు. 1768లో గాలి మార్పు కోసం ఫ్రాన్స్ వెళ్లాడు. తిరిగొచ్చి క్లేర్‌మాంట్ ఎస్టేటు కొని, పాత భవనం పడగొట్టి కొత్తది కట్టించడం మొదలుపెట్టాడు. అదే సమయంలో, 1769-70లో, బెంగాల్ కరువుతో అల్లాడింది. జనంలో మూడో వంతు పోయారని 1772లో హేస్టింగ్స్ అంచనా వేశాడు. కరువు వార్తలు, కంపెనీ వాటాల పతనం, ఇండియా సొమ్ముతో తిరిగొచ్చిన నవాబుల మీద ఇంగ్లండ్‌లో ముదిరిన అసహ్యం, అన్నీ క్లైవ్ వైపే వేలు చూపించాయి. 1772, 1773ల్లో పార్లమెంటు కమిటీలు అతన్ని నిలబెట్టి అడిగాయి. 1773 మేలో సభ తీర్పు రెండు నాల్కలతో వచ్చింది: ఆ డబ్బు తీసుకున్న మాట నిజమే, దేశానికి గొప్ప సేవ చేసిన మాటా నిజమే. ఆస్తి నిలిచింది, బిరుదులు నిలిచాయి. మనిషి నిలవలేదు.

ఆ చలికాలం ఇటలీలో గడిపి 1774లో తిరిగొచ్చాడు. నవంబరులో జలుబు గట్టిగా పట్టింది. బాత్‌లో తగ్గక లండన్‌లోని బర్కిలీ స్క్వేర్ ఇంటికి చేరాడు. నొప్పి తెరలు మళ్లీ మొదలయ్యాయి. పెద్ద మోతాదుల్లో నల్లమందు తీసుకున్నాడు. నవంబరు 22న ఇంట్లో స్నేహితులు ఉండగానే గదిలోంచి లేచి వెళ్లాడు. కాసేపటికి చూస్తే ప్రాణం లేదు. వయసు 49.

ఏం జరిగిందన్నది ఈరోజుకీ వివాదమే. తనంతట తానే ప్రాణం తీసుకున్నాడని కొందరు, నల్లమందు మోతాదు మించిందని కొందరు. కుటుంబం నోరు విప్పలేదు, విచారణ జరగలేదు. శవాన్ని ష్రాప్‌షైర్‌లోని మోర్టన్ సే గ్రామ చర్చికి తీసుకెళ్లి, సమాధి గుర్తు కూడా లేకుండా పాతిపెట్టారు.

ఈ వివాదాన్ని తేల్చాలని నాకు లేదు. వైద్యం వైపు నుంచి చూస్తే ఆ రెండు వాదనల మధ్య గీత అందరూ అనుకున్నంత స్పష్టంగా ఉండదు. దిగులున్న మనిషి, భరించలేని నొప్పి, చేతికి అందేంత దూరంలో కొలతలేని మందు. ఊపిరితిత్తుల్లో జలుబు చేరినప్పుడు ఓపియాయిడ్ మామూలు మోతాదు కూడా శ్వాసను మరింత నెమ్మది చేస్తుంది. లాడనంలో సారాయి కూడా ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం రెట్టింపు. కొన్నాళ్లు తగ్గించి మళ్లీ పాత మోతాదుకే వెళ్లినవాళ్లకు ముప్పు అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే ఆలోపు శరీరం అలవాటు కోల్పోయి ఉంటుంది. ఇవన్నీ ఈనాడు తెలిసిన విషయాలే. శ్వాస ఆగబోతున్న మనిషిని వెనక్కి తేగల నాలాక్సోన్ అనే విరుగుడు తయారైంది 1960లలో.

మార్గరెట్ 1817 దాకా బతికింది. కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ 1798లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. 1800లో నిజాం నుంచి రాయలసీమ జిల్లాలు కంపెనీ చేతికి వచ్చినప్పుడు మద్రాసు కుర్చీలో ఉన్నది అతనే. తండ్రి సర్కారులు, కొడుకు సీడెడ్ జిల్లాలు.

మళ్లీ ఆ సంచి

క్లైవ్ కాలంలో లేనివి ఇప్పుడు మనకు ఉన్నాయి: మిల్లీగ్రాముల లెక్క, స్కానింగు, ఆపరేషన్, చీటీ లేనిదే అమ్మకూడదన్న నిబంధన. అయినా ఇవేవీ వాటంతట అవి కాపాడవు. అమెరికాలో 1996లో ఆక్సికాంటిన్ అనే మాత్ర మార్కెట్లోకి వచ్చాక, నడుము నొప్పికి కూడా వైద్యులు ఓపియాయిడ్లు ధారాళంగా రాశారు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల కథ తెలిసిందే. కంగారుపడి 2016లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు ఇస్తే, చాలామంది వైద్యులు వాటిని మరీ కఠినంగా పాటించి పాత రోగులకు మందు ఒక్కసారిగా ఆపేశారు. వాళ్లలో కొందరు నొప్పితో, దిగులుతో మరింత చెడిపోయారు. అలా ఆపొద్దని 2019లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. 2022లో మార్గదర్శకాలను సవరించి, ఏడాదికి మించి వాడుతున్నవాళ్లకు నెలకు పదో వంతు చొప్పున, రోగితో మాట్లాడుకుంటూ తగ్గించడం మేలని చెప్పారు. జాన్ జోన్స్ 1700లో రాసిన సంగతి మళ్లీ నేర్చుకోవడానికి మూడు శతాబ్దాలు పట్టింది.

మన దేశంలో చిక్కు రెండు వైపులా ఉంది. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం భయంతో ఏళ్ల తరబడి క్యాన్సర్ రోగులకు సైతం మార్ఫిన్ అందలేదు. 2014 సవరణ తర్వాత కొంత సులువైంది. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రిలాంటి చోట్ల ఉపశమన వైద్యం అంటే ఏమిటో చూడొచ్చు. అక్కడ ఓపియాయిడ్ అవసరమైన మందు, దాన్ని అడ్డుకోవడమే హాని. మరోపక్క ట్రమడాల్ తక్కువ శక్తిగలది కదా అనే ధీమాతో మెడికల్ షాపుల్లో చేతులు మారుతూ వచ్చింది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని కూడా మాదక ద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. మోతాదు మించితే అది ఫిట్స్ తెప్పిస్తుంది. కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే ఇంకో రకం ప్రమాదం. ఇంతా చేసి నడుము నొప్పికి, మోకాళ్ల అరుగుదలకు ఈ తరహా మందులు ఏమైనా ఎక్కువ మేలు చేస్తాయా అని అమెరికాలో 240 మందిని ఏడాది పాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. రోజువారీ పనులు చేసుకోవడంలో పారాసిటమాల్ లాంటి మామూలు మందులు వాడినవాళ్ల కంటే వీళ్లు మెరుగ్గా ఏమీ లేరు.

ఇవన్నీ పెదనాన్నకు చెప్పలేదు. క్లైవ్ కథ మాత్రం చెప్పాను. అంత డబ్బున్నోడికీ ఇదేనా అని కాసేపు నవ్వారు. వంటగది గోడకున్న తెలుగు క్యాలెండర్ చూపించి, రోజూ ఆ గడిలో ఎన్ని మాత్రలు వేసుకున్నారో అంకె వేయమన్నాను. తగ్గించమని అనలేదు. మొదటి వారం గడుల్లో ఏడు, ఎనిమిది, ఎనిమిది, ఏడు, ఒకరోజు తొమ్మిది. యాభై మిల్లీగ్రాముల మాత్రలవి. ఒక రోజులో 400 మిల్లీగ్రాములు దాటకూడదు. వయసు మళ్లినవాళ్లకు ఇంకా తక్కువ. ఆ అంకెలు చూసి ముందు భయపడింది ఆయనే.

క్యాలెండర్ కాగితం, సంచి రెండూ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ సంచిలోంచి మొదట తీసి పక్కన పెట్టింది ట్రమడాల్ కాదు, నిద్ర పట్టనప్పుడు ఎప్పుడైనా వేసుకునే ఆల్ప్రజోలం షీటు. రెండూ కలిపి వేసుకుంటే నిద్రలో ఊపిరి మందగించొచ్చని చెప్పింది. మలబద్ధకం గురించి అడిగితే ఆయన సిగ్గుపడ్డారు. ఏడాదిగా ఉందట, ఎవరూ అడగలేదట. దానికి మందు రాసింది. నడుముకు వ్యాయామాలు నేర్పే మనిషి దగ్గరికి పంపింది. ట్రమడాల్ రోజుకు ఎనిమిదికి కట్టింది, ఒక నెల తర్వాత ఏడు, ఆపైన తననడిగి. మానెయ్యమనలేదని పెదనాన్న బయటికొచ్చాక రెండుసార్లు అన్నారు. ఆ మాటంటే భయపడి ఇన్నాళ్లూ డాక్టరు దగ్గరికే వెళ్లలేదని అప్పుడు తెలిసింది.

నిన్న ఫోన్ చేస్తే నొప్పి ఉందన్నారు, అలాగే ఉందన్నారు. క్యాలెండర్ గడిలో ఏడు వేశారట.